మంచము ప్రక్కన కుర్చీ
(బౌరంపేట్‌లో పరామర్శ సేవకుల శిక్షణ తరగతి ప్రారంభమున చేసిన ప్రసంగ పాఠము)



శతాబ్ది సంవత్సరము వచ్చినదంటే ప్రతి సంఘములోను ఒకే ప్రశ్న వినబడుతుంది: ఏమి కడదాము? కమాను కడదామని కొందరు, సమాజ మందిరము కడదామని కొందరు. కట్టడములను మేము తక్కువ చేసి మాట్లాడుట లేదు. మెదకులో 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మహాదేవాలయము మన తాతముత్తాతల శ్రమకు సాక్ష్యముగా నేటికిని నిలిచి ఉన్నది. అయితే రాతితో కట్టలేనిది ఒకటి ఉన్నది. దానిని గురించి నాలుగు మాటలు చెప్పుటకు ఈ ఉదయము నిలువబడ్డాము.

మనకు ఇచ్చిన అంశము పేరు పెద్దది: సేవాస్థలములలో మానవీయ విద్యలను వినియోగించుటకు సమాజ శిక్షకులను తయారు చేయుట. మానవీయ విద్యలంటే కథ, పాట, చరిత్ర, భాష, సాహిత్యము, మనిషి మనిషిని గ్రహించుటకు పనికివచ్చే విద్యలన్నీ. సేవాస్థలమంటే ఆసుపత్రి వార్డు, వృద్ధాశ్రమము మాత్రమే కాదు. కోడలు అత్తకు గంజి పట్టే వెనుక గది కూడ సేవాస్థలమే. ఇక శిక్షకుడు అనే మాటను గురించి కొంచెము ఆగి చెప్పుకొనవలెను.

మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారి పేరు పెద్దలు విని ఉంటారు. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు. ఆయన శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు 1951లోను, 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకము గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము పొందినది. ఆట జరుగుచున్నప్పుడు ఆయన బంతిని తన్నలేదు. గీత ఇవతల నిలువబడి, ఆడేవారిని ఆడనిచ్చాడు. శిక్షకుని పని అది. మనము తయారు చేయబోయేది మంచము ప్రక్కన గొప్పగా పాడే గాయకులను కాదు. ఇంటిలో ఉన్న కూతురికి, కోడలికి, ఆయాకు, మనుమనికి ఆ పని నేర్పి, తాము ప్రక్కకు జరుగగల మనుష్యులను. ఒక్క శిక్షకుడు అయిదు ఇండ్లకు నేర్పితే, ఆ అయిదు ఇండ్లలో వారమంతయు ఆ పని జరుగుతుంది. మనము వెళ్ళి పాడి వస్తే, వారములో అరగంట మాత్రమే జరుగుతుంది.

ఇది మన సంఘములకు క్రొత్త కాదు. 1912 డిసెంబరు 29న దోర్నకల్లుకు బిషప్పుగా అభిషేకము పొందిన వేదనాయకము శామ్యూల్ అజరయ్య గారు గ్రామ ఉపదేశకులను తయారు చేయుటయే తన ప్రధానమైన పనిగా ఎంచుకొన్నారు. అక్షరము రాని సంఘములకు పాట, కథ, కంఠస్థము ద్వారానే బోధ అందినది. చదువురాని తల్లి పదుల కొలది కీర్తనలను నోటికి చెప్పగలిగినదంటే, ఎవరో ఒక ఉపదేశకుడు ఆమె వాకిట కూర్చుండి వరుసగా నేర్పాడు గనుకనే. ఆ వరుసను ఇప్పుడు రోగి మంచము ప్రక్కకు తీసుకొనిపోవుటయే మన ముందున్న పని. ఒక తేడా మాత్రము ఉన్నది. ఆనాటి ఉపదేశకుడు ఇచ్చుటకు వెళ్ళాడు. మనము మొదట పుచ్చుకొనుటకు వెళ్ళవలెను.

ఎందుకని అడుగుతారు. ఈ బౌరంపేట్‌నే చూడండి. ఇటు దుండిగల్, గండిమైసమ్మ, అటు మల్లంపేట్. ఔటర్ రింగు రోడ్డు వచ్చిన తరువాత పొలములు ప్లాట్లయినవి, ప్లాట్లు విల్లాలయినవి. పాత ఊరిలో పుట్టి పెరిగిన అవ్వలు, తాతలు ఒక ప్రక్క ఉన్నారు. గోడ అవతల, కొడుకు ఉద్యోగము కొరకు గుంటూరు నుండో, శ్రీకాకుళము నుండో వచ్చిన పెద్దలు ఉన్నారు. ఇద్దరూ తెలుగువారే. అయినను ఒకరు బతుకమ్మ పాట ఎరిగినవారు, ఒకరు గొబ్బి పాట ఎరిగినవారు. ఒకరు తల్లిగారిల్లు అంటారు, ఒకరు పుట్టిల్లు అంటారు. ఇద్దరికీ పగలు పన్నెండు గంటలు మాట్లాడే మనిషి లేడు. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశములో 60 ఏండ్లు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. వారిలో ఎందరికి మందు అందుతున్నదో లెక్క కట్టవచ్చును. ఎందరి మాట వినబడుతున్నదో ఎవరు లెక్క కట్టగలరు?

మేడ్చల్, శామీర్‌పేట్ ప్రాంతము ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరు పొందినది. అనాబ్-ఎ-షాహీ అనే ద్రాక్ష హైదరాబాదు చుట్టుప్రక్కల పందిళ్ళ మీద పండేది. ఆ తోటలో పనిచేసిన ఒక తాత పక్షవాతముతో మంచము మీద ఉన్నాడనుకొందాము. ఆసుపత్రి కాగితము మీద ఆయన వయస్సు, రక్తపోటు, చక్కెర, వాడే మాత్రలు ఉంటవి. అవి ఉండవలసినవే. అయితే ఆయన చేతులకు తెలిసినది ఆ కాగితములో లేదు. ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు ఉంటవి: వేసవిలో ఒకటి, అక్టోబరు ప్రాంతమున ఒకటి. మొదటిది కొమ్మ కొరకు, రెండవది పండు కొరకు. ఏ కన్ను దగ్గర కత్తెర పెట్టవలెనో ఆయనకు తెలుసు. "తాతా, పందిరి కింద పని ఎట్ల చేస్తుంటిరి?" అని ఒక పిల్లవాడు అడిగితే, అప్పటివరకు రోగిగా ఉన్నవాడు ఆ క్షణము పనివాడవుతాడు, నేర్పేవాడవుతాడు. ఆయన చెయ్యి బాగుపడుతుందని మేము చెప్పుట లేదు. ఆ గదిలో ఆయన స్థానము మారుతుందని చెప్పుచున్నాము.

పెద్దలు గతము తవ్వుకొనుటను ముసలితనపు చాదస్తమని వైద్యులే తలంచిన దినములు ఉన్నవి. 1963లో అమెరికా మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ దానిని కాదన్నాడు. మరణము సమీపించుచున్నదని ఎరిగిన మనిషి తన జీవితమును తిరిగి చూచుకొనుట సహజమనియు, అవసరమనియు వ్రాసినాడు. తరువాత కెనడాలో హార్వే చొచినోవ్ అనే వైద్యుడు ఒక పద్ధతి ఏర్పరచినాడు. కడపటి దశలో ఉన్న రోగిని కొన్ని ప్రశ్నలు అడుగుతారు: మీ జీవితములో మీకు ముఖ్యమైనవి ఏవి, మీవారికి ఏమి తెలియజేయ గోరుచున్నారు, అని. చెప్పినది వ్రాసి, చక్కబరచి, రోగికి చదివి వినిపించి, దిద్దించి, ఆయన కోరినవారికి అందజేస్తారు. 2005లో ప్రచురించిన 100 మంది రోగుల పరిశీలనలో 91 మంది తృప్తి పడినట్లు తెలిపారు. అయితే 2011లో మూడు దేశములలో పెద్ద పరీక్ష జరిగినప్పుడు, మనోవేదన కొలతలలో ఇతర సేవలకును దీనికిని చెప్పుకొనదగిన తేడా కనబడలేదు. తమకు మేలు కలిగినదని, తమ గౌరవము నిలిచినదని రోగులు మాత్రము చెప్పారు. ఈ రెండు సంగతులను కలిపి మన శిక్షకులకు చెప్పవలెను. కథ మందు కాదు. మందని చెప్పి అమ్మితే అది మోసమవుతుంది.

మన నగరములోని సంగతి ఒకటి. 2013లో నిమ్స్ ఆసుపత్రికి చెందిన డాక్టర్ సువర్ణ అల్లాడి బృందము మతిమరుపు వ్యాధి కలిగిన 648 మందిని పరిశీలించి ఫలితములు ప్రచురించినది. ఒకటి కంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో ఆ వ్యాధి సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనబడినది. బడి ముఖము చూడనివారిలోను ఈ తేడా ఉన్నది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మన పెద్దల నాలుకను గ్రామ్యమని నవ్వేవారు దీనిని ఆలోచించవలెను. పాట పాడితే మతిమరుపు కుదురుతుందని దీని అర్థము కాదు. మనిషి మాట్లాడే భాష మెదడుకు పైపై అలంకారము కాదని మాత్రము అర్థము. గనుక బజారు ఉర్దూలో జీవితమంతా బేరము చేసిన తాతతో ఆ ఉర్దూలోనే రెండు మాటలు కలుపగల శిక్షకుడు మనకు కావలెను.

ఇప్పుడు తర్ఫీదు సంగతికి వద్దాము. మంచి మనస్సు ఉంటే చాలదా, తరగతులెందుకు అని కొందరు పెద్దలు అడిగారు. మంచి మనస్సు కావలసినదే, చాలదు. అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అనే పాదిరి, తానే మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉండి బయటికి వచ్చినవాడు, 1925లో వేదాంత విద్యార్థులను వూస్టర్ పట్టణపు మానసిక ఆసుపత్రికి తీసుకొనిపోయినాడు. గ్రంథములను చదివినంత శ్రద్ధగా మనుష్యులను చదువవలెనని నేర్పాడు. ఆ మార్గములో తరువాత వచ్చినవారు ఒక అభ్యాసము పెట్టినారు: రోగిని చూచి వచ్చిన వెంటనే, తాను అన్నది, రోగి అన్నది, మధ్యలోని మౌనము కూడ జ్ఞాపకమున్నంతవరకు వ్రాయవలెను. గురువుతోను, తోటివారితోను కూర్చుండి దానిని చదువవలెను. ఖర్చు లేని పద్ధతి. ఒక నోటుపుస్తకము, ఒక కలము చాలును.

మచ్చుకు, తరగతి కొరకు మేము కూర్చిన ఒక సంభాషణ వినండి.

"ఎట్లున్నవ్ అవ్వా?"
"ఏమున్నది బిడ్డా, పోయేకాలం."
"అట్లనకు అవ్వా. దేవుడు మంచి చేస్తడు. ధైర్యంగ ఉండాలె."
"మంచిది బిడ్డా."

ఇందులో చెడ్డమాట ఒక్కటి లేదు. అయినను సంభాషణ అక్కడ ఆగిపోయినది. అవ్వ తలుపు కొద్దిగా తీసినది, వచ్చినవారు మంచిమాటతో దానిని మూసివేసినారు. ఆమె "మంచిది బిడ్డా" అన్నది మర్యాద కొరకు. ఇక మీదట ఆమె మనకు ఏమీ చెప్పదు. ఇదే మరొక విధముగా చూడండి.

"ఏమున్నది బిడ్డా, పోయేకాలం."
"పోయేకాలం అంటున్నవ్ అవ్వా. ఏం యాదికొస్తున్నది?"
"ఏం యాదికొస్తది... మా అవ్వ యాదికొస్తున్నది. నన్ను తోలిచ్చిన దినం తొవ్వ దాక వచ్చింది."

రెండవ మనిషి మొదటివాని కంటె మంచివాడు కాడు. అతనికి నేర్పారు, అంతే. అవ్వ మాటనే ఆమెకు తిరిగి ఇచ్చి, ఒక చిన్న ప్రశ్న వేసి, నోరు మూసికొన్నాడు. నోరు మూసికొనుట నేర్పకపోతే రాదు, మా వంటి బోధకులకు మరీ రాదు. గనుకనే ఈ తరగతులు.

కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన ఉపశమన సేవ, తరువాతి సంవత్సరములలో ఇరుగుపొరుగు వాలంటీర్ల మీద ఆధారపడి ఇల్లిల్లు చేరినది. వారములో కనీసము రెండు గంటలు ఇవ్వగలవారిని ఎంచుకొని, 16 గంటల తరగతులు, 4 దినముల ప్రత్యక్ష అనుభవము ఇచ్చి పంపినారు. ఆ కొలతయే మనకు మాదిరి. మన తరగతిలో అయిదు పనులు నేర్పుదాము. మొదటిది, వినుట. రెండవది, అడుగుట: ఊరు, పని, వంట, పెండ్లి, బడి వంటి చేతికి తగిలే సంగతులతో మొదలుపెట్టుట. మూడవది, వారి పాటను వెదకుట. నాలుగవది, వారి మాటలలోనే వ్రాసి, వారికే చదివి వినిపించుట. అయిదవది, ఈ నాలుగింటిని ఇంటివారికి అప్పగించి ప్రక్కకు జరుగుట. ఆ ఇంటిలో సేవ చేయుచున్న కోడలి అలసటను కూడ వినవలెను. ఆమెను అడిగేవారు ఎవరూ ఉండరు.

మూడవదానిని గురించి సంఘములో అభ్యంతరము ఉన్నదని మాకు తెలుసు. ఆ అవ్వ నోట బతుకమ్మ పాట వస్తే ఏమి చేయవలెను? మన కీర్తన అందుకొనవలెనా? మా జవాబు స్పష్టము. రోగి నోటికి వచ్చిన పాటయే ఆ దినపు పాట. మన సంఘపు తల్లికి పురుషోత్తమ చౌదరి గారి కీర్తన నోటికి వస్తే దానిని అందుకొందాము. పొరుగింటి తాతకు పాత సినిమా పాట వస్తే దానికే తాళము వేద్దాము. మంచము మీద ఉన్నవాడు లేచి పోలేడు. లేచి పోలేనివానికి ప్రసంగము చేయుట సువార్త కాదు, బలవంతము. ప్రార్థన చేయమని అడిగితే చేద్దాము, అడుగనియెడల మౌనముగా కూర్చుందాము. ఈ నియమమునకు ఒప్పుకొననివారు వేరొక సేవను ఎంచుకొనవచ్చును. సంఘములో పనులకు కొదువ లేదు.

మరికొన్ని హద్దులు ఉన్నవి. నొప్పి ఉన్నచోట నొప్పికి మందు ముందు, పాట తరువాత. క్యాన్సరు నొప్పితో మూలుగుచున్నవానికి కథ చెప్పించబోవుట క్రూరత్వము. రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకు, ఉపశమన సేవకు ప్రత్యేక విభాగము ఉన్నది. రోగిని అక్కడికి చేర్చుట శిక్షకుని మొదటి కర్తవ్యము. రెండవది, విన్న సంగతి చెప్పినవారిది. దానిని ప్రార్థన విన్నపముగా మార్చి బుధవారపు కూడికలో బయటపెట్టరాదు. వ్రాసిన పుస్తకము ఎవరికి ఇవ్వవలెనో, చింపివేయవలెనో చెప్పినవారే నిర్ణయిస్తారు. మూడవది, ఆస్తి పంపకములకు, వీలునామాకు శిక్షకుడు దూరము. నాలుగవది, పాత గాయము తెరుచుకొని మనిషి వణకుచున్నాడంటే ప్రశ్నలు ఆపవలెను. చేయి పట్టుకొని కూర్చుండవలెను. ఆ సాయంత్రమే తనపై పర్యవేక్షకునికి తెలుపవలెను. ఇంటిలో కొడుతున్నారని, తిండి పెట్టుట లేదని తెలిస్తే దాచిపెట్టరాదు. వృద్ధుల సహాయము కొరకు 14567 అనే ఫోను నంబరు ఉన్నది. ఆ అంకెలు ప్రతి నోటుపుస్తకము అట్ట మీద వ్రాయిద్దాము.

ఇక మా విన్నపము. ఈ శతాబ్ది సంవత్సరములో ప్రతి పాస్టరేటు నుండి ఇద్దరిని, ఒక స్త్రీని, ఒక పురుషుని, ఈ తర్ఫీదుకు ఇవ్వండి. పట్టభద్రులు కానక్కరలేదు. బాగా మాట్లాడేవారిని పంపకండి. వారికి వేదిక ఉన్నది. ఇంటిలో ఎవరికైనా జబ్బు చేస్తే పొరుగువారు ఎవరిని పిలుస్తారో, వారిని పంపండి. వారములో రెండు గంటలు చాలును. బస్సు చార్జీలు, నోటుపుస్తకములు పాస్టరేటు భరించవలెను. కమాను మీద పేరు చెక్కించుటకు పెట్టే సొమ్ములో అది కొంచెమే. పంపినవారిని సంవత్సరము గడువక ముందే పెండ్లి భోజనముల కమిటీకి మార్చకండి. వారిని ఆ పనిలోనే ఉండనివ్వండి.

ఆలస్యము చేయుటకు వీలులేని పని ఇది. మందిరము ఈ ఏడు కాకపోతే మరుసటి ఏడు కట్టుకొనవచ్చును. ద్రాక్ష పందిరి కింద పనిచేసిన తాత మరుసటి ఏటికి ఉంటాడని ఎవరు హామీ ఇస్తారు? ఆయనతోపాటు కత్తెర పట్టిన పద్ధతి, తోట పాట, కూలి లెక్కలు, కరవు సంవత్సరములో పిల్లలను బ్రతికించుకొన్న విధము, అన్నీ పోతవి. ఆ ఇంటి మనుమనికి తన తాత ఒక పక్షవాతపు రోగిగానే జ్ఞాపకముంటాడు. అది ఆ తాతకు అన్యాయము, ఆ మనుమనికి నష్టము.

భోజన విరామము తరువాత మొదటి అభ్యాసము ఉంటుంది. ఇద్దరిద్దరుగా కూర్చుండి, ఒకరు పది నిమిషములు తమ ఊరిని గురించి చెప్పవలెను, రెండవవారు సలహా ఇవ్వక, అడ్డు రాక వినవలెను. తరువాత విన్నవారు విన్నది వ్రాయవలెను. సులభమని తోచునేమో, చేసి చూడండి. నోటుపుస్తకములు తలుపు దగ్గర బల్ల మీద ఉన్నవి, తలా ఒకటి తీసుకొనండి.